పిరమైన ఈత

కాలువ లష్కరు ఉద్యోగానికి ఈత రావాలన్నారు. తూము తలుపులెత్తి దించేవాడు నీళ్లను చూసి బెదిరితే ఎట్లా? న్యాయమే. నాకు మాత్రం మోకాలిలోతు దాటితే గుండె దడ. ఉద్యోగం రాకపోతే అన్న ఇంటికే తిరిగి పోవాలి. అక్కడ నేనొక దండగ కంచం.

బోధన్‌లో తక్కువ డబ్బుకే, అగ్గువకు నేర్పేవాడొకడు దొరికాడు. వీపుకు ఖాళీ నూనెడబ్బా కట్టి బావిలోకి తోసి, గట్టున కూర్చుని బీడీ ముట్టించేవాడు. "వారంల చేపపిల్లవైతవ్ పో" అన్నాడు. నిజంగానే వారానికి దర్జాగా ఈదాను. డబ్బా విప్పగానే నిలువునా మునిగాను. ఈత వచ్చింది డబ్బాకు, నాకు కాదు. చెరుకు కొట్టేవాళ్లు జుట్టు పట్టి బయటికి లాగి, నవ్వుకుంటూ పోయారు.

ఊరవతల చెరుకు తోటలో ఇంకో బావి ఉంది. దాని మీద మోట తోలే ముసలాయన కూడా ఈత నేర్పేవాడు. ఆయన రోజుకు అడిగిన డబ్బు విని నాకు కళ్లు తిరిగాయి.

"గింత పిరమా తాతా?"

"అగ్గువల మునిగే అచ్చినవ్ గదా. ఇగ నీ ఇష్టం."

ఆయన నా నడుముకు బెండు ముక్కలు కట్టి, తానూ నీళ్లలోకి దిగేవాడు. నాలుగు రోజులకో ముక్క విప్పేవాడు. కడుపు కింద మాత్రం ఆయన అరచెయ్యి ఉండేది, మోటతాడు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. "భయపడకు కొడుకా, నేనున్న. కాళ్లు కొట్టు."

ఆ ఊళ్లో నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు. నా కిరాయి గదికి రెండువైపులా ఫ్యాక్టరీ షిఫ్టుల వాళ్లు. వస్తే నిద్ర, లేస్తే పని. రోజు మొత్తంలో నేను నోరు విప్పేది ఆ బావిలోనే.

బెండ్లన్నీ పోయాక ఒక పొద్దున నాకు ఈత వచ్చేసిందని తెలిసిపోయింది. తెలిసి, కావాలనే కాళ్లు జారవిడిచాను. "ఇంకా రాలే తాతా" అన్నాను. "తొందరేమున్నది, పట్టుకుంట తియ్" అన్నాడు. ఒక పూట తిండి మానుకుని మరీ ఆ చెయ్యికి డబ్బు కట్టాను. సిగ్గేం లేదు, నాకది అన్నం కంటే ఎక్కువగా కావాలనిపించింది.

ఈత పరీక్షకు ముందురోజు ఆయన గట్టెక్కి, రుమాలు ముడి విప్పి కొన్ని నోట్లు నా చేతిలో పెట్టాడు.

"నీకు ఈత ఎప్పుడో అచ్చింది. అప్పటిసంది నువ్వు ఇచ్చిన పైసలు గివి."

"మరి ఎందుకు పట్టుకున్నవ్ తాతా?"

"నువ్వు చెయ్యి అడుగుతనే ఉంటివి గదా."

నాకు ఏడుపొచ్చింది. ముఖం మీద బావినీళ్లున్నాయి కాబట్టి బయటపడలేదు.

పరీక్షలో నెగ్గాను. ఉద్యోగం ఇచ్చారు, తూము పక్కన ఒక గుడిసె ఇచ్చారు. చుట్టూ వరి, పొద్దుగూకే దాకా మనిషి అలికిడి లేదు. మొదటిరోజు కాలువలో దిగి బోర్లా పడుకున్నాను. అలవాటు కొద్దీ ఆ చెయ్యి కోసం కాసేపు ఆగాను. తర్వాత ఈదాను.