గ్రానైటు పొట్లాలు

పార్టీ గొడవలు ముదిరిన ఆ ఏళ్ళలో మా పులివెందుల బస్సుల్లో బరువైన సంచి కనబడితే గుండె గుభేలుమనేది. పంతాలు పెద్దలవి, భయం మాత్రం మాది. జమ్మలమడుగు బస్సులో నా పక్కన కూర్చున్న పరాయి మనిషి సంచి నిండా పురికొసతో బిగించిన కాగితపు పొట్లాలు ఉన్నాయి. నాటుబాంబులు అచ్చం అట్లే కడతారు.

"ఏందప్పా అవి?"

"గ్రానైటు రాళ్ళండీ."

"రాళ్ళకు పొట్లాలు యాడన్నా కడతారా? ఎవరి మనిషివి నువ్వు?"

కేకవేసి బస్సు ఆపించాను. రోడ్డు పక్కన ఆయన చేతే పొట్లాలు విప్పించాను. "ఒక్కొక్కటే చూడండి, కలపొద్దు" అని ఆయన బతిమాలాడు.

"నాకే చెప్తాండావా? నీకంటే ఎక్కువ పుస్తకాలు చదివినా" అని అన్నీ ఒకే కుప్ప పోయించాను. కాగితాలు గాలికి పోయాయి. అన్నీ రాళ్ళే.

"అవి పేలవులే, ఎక్కు మామా" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "కొండలు పుట్టినప్పుడు ఈ రాయి పాత నేల కరిగి వచ్చిందా, ఇంకా లోతు నుంచి వచ్చిందా అన్నది దీనిలోని స్ట్రాన్షియం అనే మూలకం చెబుతుందండీ. ఏ రాయి ఎక్కడిదో ఆ కాగితాల మీదే రాసుకున్నాను. నెల రోజులు తిరిగి ఏరినవి" అన్నాడు. రాళ్ళు అక్కడే వదిలేసి, ఖాళీ సంచి మడిచి, పులివెందులకు తిరిగిపోయే బస్సు కోసం అవతలి పక్కన నిలబడ్డాడు.

నేను బస్సెక్కి కూర్చున్నాను. జమ్మలమడుగులో దిగి, టీ అంగట్లో, బాంబుల సంచిని ఎట్లా ఆపించానో గొప్పగా చెప్పుకున్నాను. అందులో ఏమున్నాయో మాత్రం చెప్పలేదు.