రెండు గోలీలు కొడితే ఒక్కటే ఎందుకు పోదు?

ఈదయ్య సూర్యాపేటలో ఒక బడిలో పదకొండేళ్లుగా సైన్సు చెబుతున్నాడు. చదివింది ఉర్దూలో, చెప్పిందీ ఉర్దూలోనే. వస్తువు ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ‘మయారె హర్కత్’. రెండు వస్తువులు ఢీకొన్నా ఆ మొత్తం మారదు. ఈ మాటలు ఆయన తడుముకోకుండా చెప్పేవాడు. పిల్లలు గడగడా అప్పజెప్పేవారు.

1949లో, నిజాం పాలన పోయాక, సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున పెద్దసారు పిలిచి, ఇక తెలుగులో చెప్పమన్నాడు. తెలుగు పుస్తకం లేదు. ఈదయ్య తానే పాఠం రాసుకోబోయాడు. మయారె హర్కత్‌కు ‘ఊపు’ అని పెట్టుకున్నాడు. రెండో వాక్యం దగ్గర కలం ఆగింది. మాట దొరకక కాదు. ఇన్నేళ్లూ చెప్పింది తనకే అర్థం కాలేదని అప్పుడు తెలిసింది.

అంగడిలో ఒకే తీరు గాజు గోలీలు ఏడు కొన్నాడు. వెదురుబొంగును నిలువునా చీల్చి, లోపలి కణుపులు చెక్కి, అందులో ఐదు గోలీలను ఒకదానికొకటి ఆనించి పెట్టాడు. ఆరోదాన్ని దొర్లించాడు. అది తగిలి దాదాపు ఆగిపోయింది. అటు చివరిది ఒక్కటే పోయింది. రెండు కలిపి దొర్లిస్తే అటు రెండు పోయాయి.

భార్య గోపమ్మది కోదాడ. బడి మొహం చూడలేదు. బియ్యం ఏరుతూ ఇదంతా గమనిస్తోంది.

“ఏందయ్యా, రెండు కొడితే రెండే పోవాల్నా? ఒక్కటే డబల్ జోరుగా పోతే ఏమైతది?”

ఈదయ్య వేళ్ల మీద లెక్కవేశాడు. “ఊపు లెక్కకు గదీ సరిపోతది. మరి ఎందుకు పోతలేదో నాకు ఎర్కలేదు.”

“పదకొండేండ్ల సంది చెప్తున్నవ్ గదా!”

ఆయనకు సిగ్గనిపించింది.

నాలుగు రోజులు దానిమీదే ఉన్నాడు. బొంగును అరుగు మీద వాలుగా పెట్టి గోలీని వదిలి, అది అరుగు మీద సమంగా దొర్లి అంచు దాటాక ఎంత దూరాన నేల మీద పడిందో కొలిచాడు. కింద పడటానికి పట్టే సమయం మారదు కాబట్టి, వేగం రెండింతలైతే దూరమూ రెండింతలవుతుంది. అంత దూరం పడాలంటే గోలీని రెండింతల ఎత్తు నుంచి వదిలితే చాలలేదు, నాలుగింతలు కావలసి వచ్చింది.

“గోపమ్మా, సూడు. రెండు గోలీలు జానెడు జానెడు ఎత్తుకెల్లి వచ్చినయ్. ఎత్తుకెల్లి వచ్చేది బలం అనుకో, అంటే రెండు జానల బలం. ఒక్కటే డబల్ జోరుగా పోవాల్నంటే నాలుగు జానల బలం కావాలె. కడమ రెండు యాడికెల్లి వస్తయ్?”

“రావు,” అంది గోపమ్మ. “మరి గోలీల బదులు మట్టిముద్దలు పెడితే?”

“అంటుకొని అన్నీ కలిసి మెల్లగ పోతయ్. ఊపు గంతే ఉంటది. బలం మాత్రం ముద్దలు సొట్టపడుడుకు కర్సయితది.”

పాఠం రోజున, తనకు ఇది మొన్నటిదాకా తెలియదని తరగతిలో ముందే చెప్పాడు. పిల్లలు నవ్వారు. గోలీలు చూశాక సగం మందికి అర్థమైంది. మిగతావారికి మర్నాడు మళ్లీ చెప్పాడు.

ఆ ఏడు చివర్లో మిర్యాలగూడకు బదిలీ అయింది. అక్కడా అందరికీ అర్థమయ్యేదాకా చెప్పేవాడు. పాఠాలు నెమ్మదిగా సాగేవి, పరీక్షల నాటికి పూర్తయ్యేవి కావు. పైఅధికారి ఒకసారి అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఈదయ్య విని, తరగతికి వెళ్లి పాఠం ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు.