ఖాళీ సంచుల లెక్క

ఇల్లు కట్టడానికి ఎంతయిందని అడిగితే చుట్టాలకు ఒక అంకె చెబుతాను, బ్యాంకువాళ్ళకు ఇంకో అంకె చెబుతాను. అసలు అంకె నాకే సరిగ్గా తెలియదు. అది ఒప్పుకోవాలంటే సిగ్గు. ఎందుకంటే మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా ఖాళీ గోనె సంచుల లెక్క చూస్తున్నవాణ్ణి నేను. ఒక్క సంచి తగ్గినా ఆ పూట నాకు అన్నం సయించదు.

వేములపల్లి రోడ్డులో కట్టి అమ్మే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ధర ఒకటే, డబ్బు కట్టగానే తాళంచెవి చేతిలో పెడతారు. నాకది నచ్చలేదు. గోడ లోపల వాడు ఏం పెట్టాడో ఎవడికి తెలుసు? నా ప్లాను ప్రకారం, నా కళ్ళ ముందు కట్టించుకుంటే మోసానికి తావుండదనుకున్నాను. పదహారేళ్ళు కిరాయి ఇళ్ళలో ఉన్నాం. వాన వచ్చిన ప్రతిసారీ మంచం జరుపుకోవడం, చుక్కల కింద గిన్నెలు పెట్టడం. అందుకే నా భార్య ఒకే ఒక్క మాట అడిగింది. "టైల్స్ లేకున్నా సరే, రంగులు లేకున్నా సరే. స్లాబ్ మాత్రం కారొద్దు."

నేరేడుచర్ల నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. తక్కువ మాట్లాడేవాణ్ణి నేను అసలే నమ్మను. సామాను నాది, పని అతనిది, కూలి చదరపు అడుగుకు ఇంత అని రేటు కుదిరింది. కాయితం మీద ఆ రేటును అడుగులతో హెచ్చవేసి, ఇంతేనా అని సంబరపడ్డాను. పునాది లేచిన తర్వాత మొదలైంది అసలు సంగతి.

"సంపు వేరే సార్" అన్నాడు మేస్త్రీ. వారం తిరక్కుండా "మెట్లు వేరే సార్" అన్నాడు. ప్రహరీ వేరే, డాబా మీద పిట్టగోడ వేరే.

"ఇగ నీ రేటుల ఏమున్నదయ్యా?"

"ఇల్లున్నది సార్" అన్నాడు, నవ్వకుండా.

ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎవరినీ వదల్లేదు. స్టీలు సూర్యాపేటలో కొని, రెండు వేర్వేరు కాంటాల మీద తూకం వేయించాను. రెండు తూకాలకూ కొన్ని కిలోల తేడా వచ్చింది. ఏ కాంటా తప్పో తేలలేదు కాబట్టి రెండింటినీ అనుమానించాను. సిమెంటు కోసం కోదాడ వెళ్ళాను. అక్కడి షాపతను కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, "మీ ఇష్టం సార్, నాలుగు షాపులు తిరిగి కనుక్కునే రండి" అన్నాడు. అంత ధైర్యంగా తిరిగి రమ్మన్నాడంటే నలుగురూ ముందే కూడబలుక్కున్నారని నాకు అర్థమైపోయింది. తిరిగాను. నలుగురూ ఒకే ధర చెప్పారు. చూశావా, నేను చెప్పలేదా అని బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నెత్తి కొట్టుకుంది. "ఇల్లు కడుతున్నవా, దొంగల్ని పడుతున్నవా? గా బస్సు కిరాయిలతోని ఇంకో రెండు బస్తాలొస్తుండె."

సిమెంటును రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. ఇంతలో మేస్త్రీ కూడా తన ఊళ్ళో సొంతంగా ఒక గది వేసుకుంటున్నాడని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు. ఇక చెప్పాలా! వాడి గదికి సిమెంటు ఎక్కడిది? నా షెడ్డులోంచి కాకపోతే ఆకాశంలోంచి ఊడిపడుతుందా?

స్లాబ్ రోజు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టాం. మా దగ్గర స్లాబ్ అంటే సగం పండగ. కూలీలందరికీ యాటమాంసం కూరతో అన్నం పెట్టాల్సిందే. నా భార్య పెద్ద పొయ్యి దగ్గర కూర్చుంది. ఆడవాళ్ళు కంకర, ఇసుక తట్టల్లో నెత్తిన మోసుకొచ్చి మిషన్‌లో పోస్తున్నారు. కాంక్రీటు లిఫ్టులో పైకి పోతోంది. మేస్త్రీ పైన నిలబడి, "సార్, ఒక్కటే మాట. పని షురూ అయినంక మధ్యల ఆపొద్దు. ఆపితే గాడ అతుకు పడ్తది. అతుకు కాడనే నీళ్ళు దిగుతయ్" అన్నాడు.

నేను షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. మిల్లులో ఎలా చేస్తానో అలాగే చేశాను. నిండు బస్తా బయటికి పోతే ఒక గీత, ఖాళీ సంచి నా దగ్గరికి రావాలి, ఇరవై అయిదింటికి ఒక కట్ట. పదకొండు గంటలకు నూట యాభై బస్తాలు పోయాయి. ఖాళీలు లెక్కపెట్టాను. నూట ముప్పై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. కట్టలు విప్పి, వేలు తడి చేసుకుని మూడోసారి లెక్కపెట్టాను. పద్నాలుగు తక్కువ. గుండె దడదడలాడింది. భయంతో అనుకునేరు, కాదు. దొరికాడు దొంగ అన్న సంతోషంతో.

"బందు పెట్టు మిషన్!" అని అరిచాను.

మిషన్ ఆగింది. మేస్త్రీ నిచ్చెన దిగి పరుగున వచ్చాడు. "ఏమైంది సార్? జల్ది చెప్పుండ్రి, పైన మాలు గట్టిపడ్తది."

"పద్నాలుగు బస్తాలు ఎటువోయినయ్? నీ గదికి పోయినయా?"

అందరి ముందే అన్నాను. పొయ్యి దగ్గర నా భార్య గరిటె పట్టుకునే లేచి నిలబడింది. మేస్త్రీ ముఖం నల్లబడిపోయింది. "నేను దొంగనా సార్?" అన్నాడంతే. నా జవాబు కోసం ఆగకుండా మళ్ళీ నిచ్చెనెక్కాడు. బకెట్లో చిక్కగా సిమెంటు పాలు కలిపి, కొత్త మాలు పాతదాన్ని పట్టుకునేలా ఆగిపోయిన అంచు పొడవునా ఒక్కడే పోస్తూ, చేత్తో పూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఒక పెద్దావిడ, మా అమ్మ వయసుంటుంది, తట్ట కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. నెత్తి మీదున్న ఖాళీ సిమెంటు సంచి తీసింది. ఒక మూలను లోపలికి మడిచి ముసుగులా వేసుకున్నదది. బరువు నెత్తికి ఒత్తుకోకుండా, తడిసిన ఇసుక నీళ్ళు వీపు మీదికి కారకుండా వేసుకుంటారు. దాన్ని దులిపి, చదును చేసి నా కట్టల మీద పెట్టింది. వెనకనే ఇంకొకావిడ వచ్చింది. ఆమె వెనక మరొకావిడ. పదకొండు మంది ఆడవాళ్ళు, మిషన్ దగ్గర ముగ్గురు మగవాళ్ళు. పద్నాలుగు.

పొద్దుటి నుంచి అవి నా కళ్ళ ముందే తిరుగుతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా మిల్లులో హమాలీల నెత్తి మీద రోజూ చూస్తున్నదే. సంచులు వెతుకుతూ కూర్చున్నవాడికి మనుషుల నెత్తులు కనబడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మా, తీసుకోండి. పెట్టుకోండి" అని సంచి చాపాను.

"వద్దు సారూ" అంది పెద్దావిడ. కోపంగా కూడా అనలేదు. "మల్ల లెక్క తప్పుతది."

మిషన్ మళ్ళీ తిరిగింది. సాయంత్రం దాకా ఆ ఎండలో ఉత్త నెత్తుల మీదే తట్టలు మోశారు. ఇసుక నీళ్ళు జుట్టులోంచి మెడల మీదికి, రవికెల్లోకి కారుతూనే ఉన్నాయి. నా భార్య వాళ్ళకు అన్నం వడ్డించింది కానీ నన్ను ఆ దరిదాపులకు రానివ్వలేదు. మేస్త్రీ మిగిలిన పనంతా పూర్తి చేశాడు. కూలి లెక్కలో ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. నేను ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ అతుకు సరిగ్గా మా పడకగది మీద పడింది. కింది నుంచి చూస్తే సన్నటి గీతలా కనిపిస్తుంది. ఈ ఇంట్లోకి వచ్చాక మూడు వానాకాలాలు గడిచాయి. వాన పడ్డ ప్రతిసారీ స్టూలెక్కి ఆ గీత పొడవునా అరచెయ్యి ఆనించి చూస్తాను. నా భార్య మంచం మీద నుంచి చూస్తుంది. చెయ్యి పొడిగానే ఉంటుంది. ఒక్క చుక్క దిగినా బాగుండు, అతని పనిలోనైనా తప్పు దొరికేది. ఆ మనిషిని అన్న మాటలో కాస్తయినా నిజం ఉండేది.