బయ్యమ్మ దించిన గంపలు

ఈ ఎనభయ్యో దశకంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ కలిసి ఒక్క పెద్ద మార్కెట్టులా బతుకుతున్నాయి. గంపలల్లేవాళ్లకు తీరిక లేదు, దారి పొడుగునా మెకానిక్ షెడ్లు, టీ హోటళ్లు. ఇది దానంతటదే వచ్చిందని కొందరంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇందులో మా మేనత్త బయ్యమ్మ పంతం ఉంది, ఎవరు ఒప్పుకోకపోయినా చెప్పి తీరతాను.

అత్తవాళ్లది మదనపల్లె పక్క రామసముద్రం దగ్గర సేద్యం. డెబ్భై ఎనిమిదిలో బావి కింద రాగి మానేసి చేనంతా టమోటా పెట్టింది. “ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అని మా మామ మునిరత్నం ఎగతాళి చేశాడు. కాయ విరగ్గాసింది. చిక్కంతా అమ్మకం దగ్గరే వచ్చింది.

సేలం మార్కెట్టుకు పోయే లారీ ఒక్కటే. డ్రైవర్ దేవరాజులు మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, కుప్పం మీదుగా పోయేవాడు. మూడు ఊళ్లకూ సంత రోజులు వేరు. తమ సంతకు ముందురోజే కాయ కోయడం తాతలనాటి వాడుక. అందుకని లారీ వచ్చేసరికి ఒక ఊళ్లో గంపలుంటే, మిగతా రెండు ఊళ్లలో కాయ చెట్టు మీదే ఉండేది.

“ఇంకోసారి సగం బండితో పోతే ఓనరు ఈ లైను ఎత్తేస్తాడమ్మా” అన్నాడు దేవరాజులు.

లారీ ఆగితే అత్త పంటంతా చేలోనే కుళ్లాలి. ఆమె బస్సెక్కింది. మూడు చోట్లా ఒకేరోజు కోద్దామంటే పుంగనూరు రైతులు గొణుగుతూనే ఒప్పుకున్నారు. కుప్పం రైతు కొండప్ప ఒంటికాలి మీద లేచాడు.

“మా సంత ఇడిసిపెట్టి మీ లారీకి కొయ్యాల్నా? మదనపల్లెలోనే బండి నిండిపోతే మా గతేంది?”

“మీ సోటు మీకుంటాదప్పా. నేను సెప్తాండాను గదా.”

ఆమె మాట నమ్మి కొండప్పతో సహా అందరూ ఆ వారం ఒకేరోజు దోరకాయ కోశారు. తీరా మదనపల్లెలో లారీ ఇక తప్పకుండా పోతుందన్న కబురుకు చుట్టుపక్కల వాళ్లంతా గంపలు తెచ్చేశారు. చూస్తుండగానే బండి నిండిపోయింది.

“కుప్పమోళ్ల సోటు యాడ?” అని అడిగింది అత్త. ఆమె కొంగు బిగించి లారీ ఎక్కి, తన గంపలు తనే దించసాగింది.

“పిచ్చి పట్టిందా నీకు? వాళ్లు మనకేమైతారు?” అని మామ అరిచాడు.

“నా మాట మీద కోసినారు. ఈపొద్దు వాళ్లను ముంచితే రేపు బండే రాదు.”

ఆమె గంపలన్నీ దిగాక, సిగ్గుపడి ఇంకొందరు తమవీ తగ్గించారు. పుంగనూరుకూ కుప్పానికీ చోటు మిగిలింది. అత్త కాయ మాత్రం ఇంట్లో పండి మెత్తబడి, సగం పశువుల పాలైంది. మామ ఆ వారమంతా ముఖం ముడుచుకునే తిరిగాడు.

తర్వాతి కోతనాడు లారీ మదనపల్లెలో గంపలెక్కించుకోకుండా నేరుగా మా అత్త చేను దగ్గరికే వచ్చింది. కేబిన్లోంచి కొండప్ప దిగాడు. కుప్పం నుంచి బస్సులో మదనపల్లెకు వచ్చి బండెక్కాడట.

“ముందు ఈయమ్మ గంపలెక్కల్ల. మా కాయ ఆ తర్వాతే” అని తలగుడ్డ చుట్టి, మొదటి గంపకు వంగాడు.

రెండో పక్క పట్టుకోవడానికి మా మామ పరుగెత్తాడు.