మళ్ళీ మొలవని పన్ను

మా చిన్నప్పుడు మా ఇంట్లో పన్ను నొప్పికి ఒకటే మందు... జీడిపిక్క.

జీడితోటలుండే మా ఉద్దానంలో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా... పచ్చి జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. దాన్ని మేం జీడి అంటాం. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే రోజుల్లో మా అమ్మ వేళ్ళకి బూడిద రాసుకుని గానీ కూర్చునేది కాదు. అలాంటి జీడిని మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, పుల్ల చివర అద్ది నా పుప్పి పన్నులో పెట్టింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కింద కుడివైపు, అన్నిటికన్నా వెనక పన్ను. నల్లటి చుక్కతో మొదలై చిల్లు పడింది.

"ఒలే గుంటా, కూసింత ఓర్సుకో... లోపలున్న పురుగు సచ్చిపోద్ది," అంది మామ్మ నా గడ్డం పట్టుకుని.

పురుగూ లేదు, పాడూ లేదు... చచ్చింది నేను! పెదవి కాలింది, నాలిక పొక్కిపోయింది. మూడు రోజులు గంజి తాగి బతికాను. అలాగని మామ్మ చెడ్డది కాదు. ఆ మూడు రోజులూ నన్ను ఒళ్ళోంచి దించలేదు. తనకీ చిన్నప్పుడు వాళ్ళమ్మ అలాగే పెట్టిందట.

వారం తిరక్కుండా దవడ బూరెలా వాచింది. నాన్న బస్సెక్కించి టెక్కలి తీసుకెళ్ళి పన్ను పీకించేశాడు. దాన్ని కాగితంలో చుట్టి భద్రంగా ఇంటికి తెచ్చాం. ఎందుకంటే... ఊడిన పన్నుని పేడ ముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసిరితేనే కొత్తది మొలుస్తుందని మా నమ్మకం.

"పాలపన్నే కదే... పోతే పోనీ. మల్లీ వత్తాది," అంది మామ్మ.

విసిరాం. ఇక రోజూ పొద్దున్న లేవగానే వేలు పెట్టి తడుముకోవడమే నా పని. మిగతా పాలపళ్ళు ఊడాయి, కొత్తవి వచ్చాయి. నాకంటే చిన్నవాడైన మా తమ్ముడికీ వచ్చాయి. ఆ పన్ను మాత్రం రాలేదు. ఏడాది... రెండేళ్ళు... పేడ చాల్లేదేమోనని ఒకరోజు నేనే ఇంకో ముద్ద తెచ్చి విసిరాను. నవ్వకండి!

హైస్కూల్లో ఉండగా పిల్లల పళ్ళు చూడ్డానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. నా నోరు చూసి, "ఇక్కడ పన్నేదమ్మా?" అనడిగింది.

"పాలపన్ను మేడం, పీకించేశారు. ఇంకా రాలేదు," అన్నాను.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది... ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటి వెనకా ఒక పెద్ద పన్ను వస్తుందట. ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి అందరూ దాన్నీ పాలపన్నే అనుకుంటారట. కాదు. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. పోతే మళ్ళీ రాదు.

ఆ సాయంత్రం మామ్మ మీద అరిచాను. మామ్మ కోప్పడలేదు. "నాకేటి తెలుసునే... నానే పాడు సేసినాను," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పటి నుంచి బతికినన్నాళ్ళూ నాకు పెట్టే కొబ్బరి ముక్క సన్నగా తరిగే పెట్టింది. ఈరోజుకీ నేను ఎడమవైపే నములుతాను.

అందుకే... "ఆ రోజులే రోజులు, వేపపుల్లతో తోముకుంటే పళ్ళు రాళ్ళలా ఉండేవి" అని ఎవరైనా పోస్టు పెడితే నా నాలిక తిన్నగా ఆ ఖాళీలోకి పోతుంది. ఒళ్ళు మండుతుంది. వేపపుల్ల నేనూ నమిలానండీ!

మొన్న నా కూతురు, ఏడేళ్ళది, అన్నం తింటూ బుగ్గ పట్టుకుంది. నోరు తెరిపించి సెల్లు లైటు వేసి చూశాను. కింద కుడివైపు, అన్నిటికన్నా వెనక... నల్లటి చుక్క.

మా అత్త కూడా వచ్చి తొంగి చూసింది. "పాలపన్నేనే... దీనికి డాక్టరేటి? ఊడిపోద్ది, మల్లీ వత్తాది. కావాలంటే కూసింత జీడి..."

"అత్తా!" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదటిసారి. "జీడి మాటెత్తితే ఊరుకోను. ఇది పాలపన్ను కాదు. నాది పోయింది సాల్దా? దీన్ది పోనివ్వను."

"మేం బతకనేదేటి? మాకు పల్లు నేవా?"

"ఏదీ, నోరు తెరు అత్తా... ఎన్నున్నాయో సూద్దాం," అనేశాను.

ఆవిడ నోరు బిగించుకుని లోపలికి పోయింది. "పెద్దోల్లతో ఏటా మాటలు?" అని మా ఆయన గొణిగాడు. విననట్టే పిల్లని ఆ పూట బడి మాన్పించి టెక్కలి ఆటో ఎక్కించాను.

"మంచిపని చేశారమ్మా, ఇంకా లోపలికి దిగలేదు," అన్నాడు పళ్ళ డాక్టరు. పుప్పి తీసేసి సిమెంటు నింపాడు. రాత్రి తోమాకే పడుకోవాలని, తోమాక బిస్కెట్టు ముట్టుకోకూడదని పిల్లతో ఒట్టు వేయించుకున్నాడు. అరగంటలో అయిపోయింది. నా పన్నుకి ఆ అరగంట ఎవరూ పెట్టలేదు కదా అని బయటికొచ్చాక ఏడుపొచ్చింది.

మా అత్త ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. "కోడలికి నోరెక్కువ" అని వీధిలో పేరు కూడా వచ్చింది. రానీ! నా కూతురు గుమ్మంలో కూర్చుని కొబ్బరి ముక్క నములుతోంది... రెండు వైపులా.

పెంకుల రోజులు పోయాయి, మా అత్తారిల్లు ఇప్పుడు శ్లాబు. పాలపళ్ళు దాని మీదికీ విసురుతాం, ఆ సరదా మానం. ఆరేళ్ళ పన్ను మాత్రం చచ్చినా విసరం.

మీ నోట్లోనూ అలాంటి ఖాళీ ఉంటే, ఎలా పోయిందో ఇక్కడ చెప్పండి... కానీ ముందు వెళ్ళి మీ పిల్లల నోరు తెరిపించి ఆ వెనక పన్ను చూసి రండి.