దావూద్ రొట్టెల కొట్టు

మా గదిలో ఉండే ఆర్మూరు లింబాద్రి మజ్జిగ కూడా ఊదుకుని తాగే రకం. నజ్రాన్‌లో దావూద్ అనే యెమెనీ రొట్టెల కొట్టులో పిండి పిసికేవాడు. సౌదీలో పరదేశికి కఫీల్, అంటే జామీనుండే స్థానికుడు, లేకపోతే ఊపిరాడదని వాడి అనుభవం. వాడి పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. దావూద్ పాస్‌పోర్టు మాత్రం దావూద్ జేబులోనే!

"కఫీల్ లేకుండ దుకాణమెట్ల నడుపుతుండన్నా? దొంగన్న కావాలె, సీఐడీ అన్న కావాలె," అనేవాడు. యెమెనీలకు మొదటినుంచీ కఫీల్ అక్కర్లేదని నేను చెప్పినా నమ్మలేదు.

తొంభైలో సద్దాం కువైట్ మీద పడ్డాడు. యెమెన్ అతని పక్షమని ఇక్కడ కోపం. మినహాయింపు రద్దయింది. యెమెనీలు కఫీల్‌ను వెతుక్కోవాలి, కొట్టులో సౌదీని భాగస్తుణ్ణి చేసుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. నాజీల ఏలుబడిలో యూదుల దుకాణాలు కూడా చట్టప్రకారమే చేతులు మారాయని చదివాను. ఇది అంత ఘోరం కాదు గానీ, చట్టం చేసినంత మాత్రాన అన్యాయం న్యాయమవుతుందా? నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రోజూ కబుర్లాడే గిరాకీలు రొట్టె అందుకుని తల దించుకుని పోసాగారు. అలాంటప్పుడు దావూద్ ఒకనాడు నవ్వుకుంటూ వచ్చాడు. లింబాద్రి కఫీలే తనకూ కఫీల్‌గా ఉంటానన్నాడట, అదీ అడక్కుండానే. లింబాద్రి పిండి పిసకడం ఆపేశాడు.

"సంతకం పెట్టకు," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో.

"నీకు ఎవరి మీద నమ్మకముంది గనుక! ఆయన రోజూ నా రొట్టె తినే మనిషి," అన్నాడు దావూద్. కఫీల్ కింద ఏనాడూ బతకలేదు పాపం. సంతకమంటే స్నేహితుడి సాయమనుకున్నాడు. సంతకం పెట్టి, పాస్‌పోర్టు కూడా తానే కఫీల్ చేతికిచ్చి వచ్చాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. యుద్ధం ముగిసేసరికి బోర్డు మారింది. గల్లాపెట్టె దగ్గర కఫీల్ తమ్ముడు కూర్చున్నాడు. దావూద్ జీతానికి లింబాద్రి పక్కన పిండి పిసుకుతున్నాడు.

ఒక పొద్దున యెమెన్ నుంచి తల్లి పోయిందని కబురొచ్చింది. దావూద్ పిండి చేతులతోనే గల్లా వైపు నడిచి, సగంలో ఆగి, వెనక్కొచ్చాడు.

"ఊరికి పోవాలంటే వీళ్లను మీరెలా అడుగుతారు?" అన్నాడు.

లింబాద్రికి ఏడుపొచ్చింది. అయినా చెప్పాడు.

"ముందు చేతులు కడుక్కో. వెళ్లి తల వంచుకుని నిలబడు. అతను చూసేదాకా మాట్లాడకు."