గేటు దాకా వచ్చే పాట

డ్రైవరన్న పోయిన సంగతి మాకు సాయంత్రం ఐదున్నరకు తెలిసింది. అప్పటికే దహనం కూడా అయిపోయింది. పొద్దున పదింటికే వాళ్ళ అల్లుడు మా బస్సు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఆ టైముకు మా ఫోన్లన్నీ గేటు దగ్గర లాకర్లలో ఉన్నాయి. గడ్డపోతారంలో మాది మందుల ఫ్యాక్టరీ, లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో నెత్తికి టోపీ, మూతికి మాస్కు పెట్టుకుని మాత్రల షీట్లు డబ్బాల్లో సర్దుతున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పప్పులో ఉప్పు లేదని తగువు కూడా పెట్టుకున్నాను. సరిగ్గా ఆ పూటే అక్కడ ఆయన్ను పాడె మీద తీసుకుపోయారు. పదకొండేళ్ళు ఆయన బస్సెక్కిన నలభై మందిలో ఒక్కరంటే ఒక్కరం పక్కన లేము. నా మీద నాకే మంటగా ఉంది. ఎవరిని తిట్టాలో మాత్రం తెలియడం లేదు.

సంగారెడ్డి నుంచి మా కంపెనీకి జనరల్ షిఫ్టు బస్సు ఆయనది. దారిపొడవునా రేడియో ఏదో గొణుగుతూ ఉండేది. గడ్డపోతారం మలుపు తిరిగి, ఫ్యాక్టరీల వాసన గుప్పుమనగానే రేడియో ఆపి పాట పెట్టేవాడు. రోజూ ఒకటే పాట. సినిమా పాట కాదు. ఎవరో కుర్ర గాయకుడు గిటారు పట్టుకుని పాడుకున్నది, ఒకప్పుడు దాని పల్లవి ప్రతి ఫోనులో రింగుటోనుగా మోగింది. డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటున్న అమ్మాయికి మనసులో మాట చెప్పాలని వచ్చి, చెప్పలేక మెట్ల మీద నిలబడ్డ అబ్బాయి గొడవ. మెత్తగా, పక్కింట్లో ఎవరో తమకు తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది.

"ముక్కు మూసుకునుడు ఎట్లైనా తప్పది. చెవులన్న తెరిసి పెట్టుకోండ్రి" అనేవాడు డ్రైవరన్న.

నేను మొదటి రోజు బస్సెక్కినప్పుడు నా బిడ్డకు ఆరో నెల. మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. పిల్లను అమ్మ దగ్గర వదిలేసి వచ్చాను. మలుపు దగ్గర ఆ ఘాటు వాసన తగిలేసరికి ఇక ఆగలేదు, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అద్దంలో చూశాడు కాబోలు, పాట సౌండు ఒక్కసారిగా పెంచాడు. బస్సులో ఎవరికీ నా ఏడుపు వినపడలేదు. దిగేటప్పుడు నా ముఖం చూడకుండానే అన్నాడు: "ఏడ్సేది ఉంటే పాట ఉన్నప్పుడే ఏడ్వు చెల్లె. లోపల మాస్కు తడిస్తే ఊపిరాడది."

ఎందుకేడ్చావని ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

బాయిలర్ దగ్గర పనిచేసే ఒడిశా ఆయనకు తెలుగు ముక్క రాదు. ఆయన ఆ రాగం మాత్రం నేర్చుకుని, ఊళ్ళో ఉన్న కూతురికి ఫోనులో పాడి నిద్రపుచ్చేవాడు. "మేరా బేటీ ఇస్కే బినా నహీ సోతా దీదీ" అని, ఆ పాట లేనిదే తన బిడ్డ నిద్రపోదని గొప్పగా చెప్పేవాడు. ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. ల్యాబులో పనిచేసే పిల్ల పెళ్ళి కుదిరిన రోజు ఆ పాటకే బస్సు మధ్యలో చేతులు తిప్పి ఆడింది, ఆ సంబంధం తప్పిపోయాక నెల రోజులు ఆ పాటప్పుడు కిటికీ వైపే చూసింది. పాట ఒకటే, ఏడిచేవాళ్ళు, నవ్వేవాళ్ళు మారేవాళ్ళు.

అయితే ఆ పాట మేం పూర్తిగా వినలేదు. మొదటి చరణం అయిపోయి పల్లవి మళ్ళీ అందుకునే చోటికి గేటు వచ్చేది. గేటు దగ్గర సంగీతం వినపడగూడదని రూలు. డ్రైవరన్న చెయ్యి చాచి టక్కున ఆపేసేవాడు. మేం బ్యాగులు భుజానేసుకుని లేచేవాళ్ళం. రెండో చరణంలో ఆ అబ్బాయి మాట చెప్పాడా, చెప్పలేదా? బస్సులో దీని మీద పెద్ద రచ్చ. చెప్పి ఉంటాడని ల్యాబు పిల్ల. "వాని మొకానికి అంత ధైర్యమా!" అని నేను. ఫోనులో వింటే నిమిషంలో తేలిపోతుంది. కానీ బయట వినకూడదని మాలో మేమే కట్టుబాటు పెట్టుకున్నాం. దొంగతనంగా విన్నవాళ్ళకు వారం రోజులు కిటికీ సీటు లేదు. పిచ్చి మారాజులం!

"జెర ముందుగాల పెట్టరాదన్నా, మొత్తం ఇంటం" అని ఒకసారి నేనే బతిమాలాను.

"వాసన రాకముందు పాటెందుకు చెల్లె? నేను దిగిపోయే దినం గేటు బయట బండి ఆపి మొత్తం ఇనిపిస్త. ఆ దినం ఎవడేమన్నా ఊకోను."

ఆయన రిటైరయ్యే ఆ రోజుకు ఇంకా నాలుగు నెలలుంది. ఈలోపు ఒక పొద్దున బస్సు తీయబోయి మెట్టు మీదే కూలబడ్డాడు. పక్షవాతం. మాట పడిపోయింది, కుడి వైపంతా పోయింది.

ఆదివారం దవాఖానకు వెళ్ళాను. రోజూ నలభై మందిని మోసిన మనిషి నోట్లో నీళ్ళు కూడా నిలవడం లేదు. ఏం చేయాలో తోచక, వాళ్ళింటామెను అడిగి ఫోనులో ఆ పాట పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. "ఇంట్ల ఎన్నడు పెట్టలే బిడ్డా. బస్సోల్లతోనే ఇనాలె అనేటోడు" అందామె. అంటే ఆయనా కట్టుబాటు తప్పలేదు. ఆయనకూ ఆ రెండో చరణం తెలియదు.

మొదటి చరణం అయింది. పల్లవి అందుకునే చోటికి రాగానే ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. గాలిలో కొంచెం ముందుకు వచ్చింది. నేను టక్కున పాట ఆపేశాను. ఆయన నావైపే చూస్తూ ఉన్నాడు, కంటి కొసన నీళ్ళు దిగాయి. ఆపమన్నాడా? ఆపొద్దన్నాడా? అడిగితే చెప్పే నోరు లేదు. ఇంతలో టైమైపోయిందని నర్సమ్మ బయటికి పంపింది. మళ్ళీ ఆదివారం వచ్చి మొత్తం వినిపించాలనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే ఈ మెసేజ్ వచ్చింది.

ఎందుకు ఆపాను? పదకొండేళ్ళ అలవాటు. ఆ చెయ్యి లేస్తే పాట ఆగాలి, అంతే తెలుసు నాకు.

ఆ సాయంత్రం లాకర్ల దగ్గర మెసేజ్ చదివి, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ బస్సెక్కాం. కొత్త డ్రైవరు వచ్చి వారమే అయింది. "తమ్మీ, జెర ఆగు. ఒక పాట ఉన్నది, అయినంక తియ్యి" అన్నాను. పాపం, సరేనని నా ఫోను స్పీకరుకు కలిపాడు.

"సౌండు పెంచు తమ్మీ."

పెంచాడు. గేటు బయట, ఆగి ఉన్న బస్సులో, అందరం తలో మూలా ఏడ్చాం. ఒడిశా ఆయన టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మొదటి చరణం అయింది. పల్లవి అందుకుంది. ఆపే చెయ్యి రాలేదు. పాట ముందుకు పోయింది, మాకెవరికీ తెలియని మాటలు మొదలయ్యాయి.

కొత్త డ్రైవరు వెనక్కి తిరిగి బిత్తరపోయి చూశాడు. "ఏందక్కా, అందరు లేసిన్రు? బండి ఇంకా కదలనే లేదు గద!"

అప్పుడు చూసుకున్నాం. నలభై మందిమీ బ్యాగులు భుజానేసుకుని నిలబడి ఉన్నాం.